దాఖల్, బర్రా

జహ్రాలో మూడు దినాలు దుమ్ము.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా
జల్లించిన పిండి మాదిరి దిగింది,
అల్మారా తాళాల మీద, ఖర్జూరం గిన్నె మీద,
మిషారి కంప్యూటర్ డబ్బా లోపల.

పద్నాలుగేండ్ల పిల్లోడు.
మొలవాల్నా వద్దా అని వాని మీసం
ఇంకా ఆలోచన చేస్తాంది.
పక్కరేకు ఊడదీసి కేకేసినాడు:
"ఓబ్లా, రా. కాలిపోతాంది."
ఓబుళమ్మలోని అమ్మ ఈ ఇంటి గడప దాటలే.
ఏడేండ్లాయె, నాకూ అలవాటైంది.

వేలు పెట్టి చూసినా.
పాలగిన్నె దించినంక పొయ్యి ఉన్నట్టుంది.

కొత్త ఫ్యాన్లు మూడు తెప్పించినాడు,
ఒక్కోటి జానెడుకు రొంత తక్కువ.
నల్ల రెక్కలు, నాలుగు మూలలా బొక్కలు,
బొక్కకొక మొండి స్క్రూ.
నేను సెల్లు లైటు పట్టుకోవాల. అదీ నా పని.
పట్టుకున్నా. బియ్యం నానేసే వచ్చినా.

మూడింటినీ లోపలికి ఊదేటట్టే బిగించినాడు,
ముందర రెండు, వెనక ఒకటి,
పొలం గట్టు కాడ అన్నదమ్ముల మాదిరి ఎదురెదురుగా.
స్విచ్చి వేస్తే బ్రమ్మాండంగా తిరిగినాయి.
వేడి మాత్రం యాడికీ పోలే.

నవ్వొచ్చింది. మింగేసినా.

లక్కిరెడ్డిపల్లె పక్క సెనిక్కాయ పొట్టు ఎగరబోసేటప్పుడు
మా చిన్నత్త చేట ఎత్తకముందు
గుప్పెడు మన్ను జారవిడిచేది.
మన్ను ఎటు వాలితే అటుకు మొగం పెట్టేది.
గాలికి ఎదురు నిలబడితే
పొట్టు కంట్లో, గింజ మన్నులో.

ఇదంతా అరబ్బీలో ఎట్ల చెప్పేది?
నాకొచ్చింది వంటింటి అరబ్బీ, బాత్రూము అరబ్బీ.
హవా అంటే గాలి.
దాఖల్ అంటే లోపల.
మండలాఫీసులో అర్జీ దాఖలు చేసినామే, అదే మాట.
లోపలికి పోయింది, మళ్ళ రాలే.
బర్రా అంటే బయట. వచ్చిన కొత్తలో
మేడమ్ "బర్రా, బర్రా" అంటాంటే
ఈమెకు గొడ్లు గూడా ఉండాయేమో అనుకున్నా.

హాల్లోకి పోయి బుఖూర్ ధూపం ఎత్తుకొచ్చినా.
ముందర పెడితే పొగ దాఖలైంది.
వెనక పెడితే అదీ దాఖలే.
డబ్బా నిండా సుడులు సుడులు,
దావ తెలీక తిరుగుతాంది.
"హవా దాఖల్, దాఖల్, దాఖల్," అన్నా.
"బర్రా యాడ?"
యాడ అనే మాట వానికి తెలీదు. అర్థమయింది.

"వల్లా," అన్నాడు.
వెనకది ఊడదీసి తిప్పినాడు,
రెక్కల పక్క లోపలికి, బొమికల పక్క బయటికి.
ఒక స్క్రూ జారి అడుగున యాడో దాంకుంది.
ఫ్రిజ్జు మీది పుచ్చకాయ బొమ్మ అయస్కాంతం తెచ్చి
దాన్ని నేనే పైకి తీసినా.

మళ్ళ ధూపం పెట్టినా.
పొగ ముందర దూరి,
ఆ పచ్చ పలక మీద రొంతసేపు పొర్లి,
ఏకుల్లోంచి దారం తీసినట్టు
వెనక నుంచి పోయింది.
కింద నుంచి మేడమ్ అరుపు, బుఖూర్ యాడికి పోయిందని.

పాత ఫ్యాను ఒకటి చెత్తబుట్టలో పడేసినాడు.
అడిగి తీసుకున్నా.
సెల్లు ఛార్జరు తీగ కోసి వాడే అతికిచ్చినాడు.

నా గది మిద్దె మీద.
బట్టలు ఆరబెట్టే మిషన్ రాత్రి పదకొండు దాకా
నా తలాపునే ఊపిరి ఇడుస్తాది.
కిటికీ లేదు. తలుపు పైన ఒక బెజ్జముంది,
ఎప్పుడో ఏసీ గొట్టం పోయినది.
పాత పైట చుట్టి అందులో ఫ్యాను కూర్చోబెట్టినా,
బొమికల పక్క బయటికి.

ఆ రొంత కరెంటుకు
నిద్రలో తిరగలి తిప్పినట్టు తిరుగుతాది.
గాలైతే తగల్లేదు.
అగ్గిపుల్ల గీసి ఆర్పినా.
పొగ కాసేపు నా మొగం కాడే తారట్లాడి
బెజ్జం పక్కకు మళ్ళింది.

బర్రా సరే.
ఇంక దాఖల్ సంగతి చూడాల,
తలుపు కింద సందు చాలదు.